కాలరు సాక్ష్యం

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. కాలర్లు కుట్టే ఆమె కాలరు. ఆమె పక్క మిషను మీద గుండీలు కుట్టే ఆమెకి మాత్రం గుండీ అన్న పేరు నిలవలేదు. ప్రతిదానికీ "అదెలా?" అంటుందని, అనుమానం అని పేరు పెట్టింది కాలరే. షెడ్డంతా దాన్నే ఖాయం చేసింది.

ఇద్దరూ ఏళ్ళ తరబడి పక్కపక్కనే కూర్చున్నారు. భోజనాల వేళ కుట్టుబల్ల కింద కాళ్ళు చాపుకుని, ఒకరి కడుపులోది ఒకరికి చెప్పేసుకునేవాళ్ళు. దాపరికమన్నది లేదు. కుదరనిదల్లా ఒక్క దేవుడి దగ్గరే.

"నువ్వెంత పాపం చేసినా సరేనే, ఆయన తన మీద వేసుకున్నాడు. నువ్వు ఊరికే చెయ్యి చాపితే చాలు. కృప అంటే అదే," అనేది కాలరు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఒకళ్ళు చేసింది ఇంకొకళ్ళు వేసుకోవడమేంటే? నేను కుట్టిన వంకర గుండీకి సూపర్‌వైజరు నిన్ను తిడతాడా?"

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?"

"నీతో నావల్ల కాదు గానీ, ఆదివారం వచ్చి విను."

ఈ పిలుపు వారం వారం ఉండేది. పిలవడం కాలరుకి అలవాటైపోయింది, ఎగ్గొట్టడం అనుమానానికి.

అలాగని ఆ మాట ఆమెకి పట్టలేదని కాదు. నిజమైతే బాగుండునని లోపల ఆమెకీ ఉండేది. ఆశపడ్డాక అబద్ధమని తేలితే తట్టుకోలేనని భయం. ఒక ఆదివారం ఆ ఆశే గెలిచింది. ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళి, ప్రార్థన హాల్లో చివరి బెంచీ మీద, లావుపాటి స్తంభం చాటున కూర్చుంది. పక్కనున్న రిటైరైన నర్సు సర్దుకుని చోటిచ్చింది.

"మంచి రోజున వచ్చావమ్మా. ఇవాళ సాక్ష్యాలు. దేవుడు ఎవరిని ఎలా మార్చాడో వాళ్ళే చెబుతారు. బాగా చెప్పినవాళ్ళని పెద్ద సభలకి పంపుతారు."

ముందు ఒక వడ్రంగి లేచాడు. తాగుడు, పేకాట, జైలు. హాలంతా ఆమెన్లతో మారుమోగింది. తర్వాత కాలరు లేచింది.

"అయ్యో, ఈమా," అంది నర్సు గొంతు తగ్గించి. "ఈమెది తలనొప్పి తగ్గిన సాక్ష్యం. ఎప్పుడూ అదే. ఆమెకి తగ్గడమేమో గానీ మనకి మొదలవుతుంది."

కానీ కాలరు ఈసారి తలనొప్పి ఊసెత్తలేదు. మైకు పట్టుకుని తల దించుకుంది.

"నేను ఘోర పాపిని," అంది.

హాలు సద్దుమణిగింది.

చెల్లెలికి కుదిరిన సంబంధాన్ని అసూయకొద్దీ చాడీలు చెప్పి చెడగొట్టిన సంగతి చెప్పింది. పనిచేసే చోట దొంగతనం చేసి, నింద తోటిమనిషి మీదకి నెట్టి, ఆ మనిషి ఉద్యోగం ఊడుతుంటే చూస్తూ కూర్చున్న సంగతి చెప్పింది. మంచాన పడ్డ తల్లి మంచినీళ్ళకి పిలిస్తే, నిద్ర నటించిన సంగతి చెప్పింది. తల్లి ఆ తర్వాత ఇంక ఎప్పుడూ పిలవలేదు.

అనుమానం స్తంభం చాటుకి ఇంకాస్త జరిగింది. మూడూ కుట్టుబల్ల కింద కాళ్ళు చాపుకుని చెప్పుకున్నవే. వాటిని ఇంతమందిలో, మైకులోనా? లేచి పోదామనుకుంది. లేస్తే అందరూ తిరిగి చూస్తారని ఆగింది.

పైగా కాలరు వాటికి లేసులూ కుచ్చులూ కుడుతోంది. దొంగిలించింది ఉత్త కత్తెర. మైకులో అది బంగారు గొలుసైంది. తల్లి పిలిచింది ఒక్కసారే. మైకులో ఏడుసార్లు పిలిచింది. ఏడోసారికి ఆమెన్లు పైకప్పుకి తగిలాయి. వడ్రంగి ముఖం చిన్నబోయింది.

నర్సు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఏమండీ," అంది అనుమానం. "కన్నతల్లికి గుక్కెడు నీళ్ళివ్వని మనిషిని కూడా నిజంగా క్షమిస్తాడంటారా?"

"క్షమించబట్టే కదమ్మా, ఆమె ముఖం అలా వెలిగిపోతోంది."

అనుమానం తలెత్తి చూసింది. నిజంగానే వెలిగిపోతోంది. అలాంటివి చేసిన మనిషి ముఖం అలా వెలగదని ఆమెకి తెలుసు.

పెద్ద సభలకి కాలరే వెళుతుందని పాస్టరుగారు అక్కడికక్కడే ప్రకటించారు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకామె కావలించుకుని ఏడ్చింది. అందరినీ ఓదార్చుకుంటూ కాలరు గుమ్మం దాకా వచ్చి, స్తంభం పక్కన నిలబడ్డ మనిషిని చూసింది. దారం తెగిన మిషనులా ఆమె నవ్వు ఆగిపోయింది.

"నువ్వా... ఎప్పుడొచ్చావే?"

"నీ తలనొప్పి తగ్గకముందే."

వెనకే వస్తున్న పాస్టరుగారు ఆగారు. "మీరు రోజూ ఎవరి కోసం ప్రార్థన చేయిస్తున్నారో ఆ స్నేహితురాలు ఈవిడేనా?"

కాలరు గబుక్కున అనుమానం చెయ్యి పట్టుకుంది.

"పదవే, బయట మాట్లాడుకుందాం."

"ఉండండి," అన్నారు పాస్టరుగారు. "ఏమ్మా, మీ స్నేహితురాలు గుండె విప్పి చెప్పింది విన్నారుగా. ఇప్పుడైనా నమ్మకం కుదిరిందా?"

అనుమానం కాలరు ముఖంలోకి చూసింది. ఆ చెయ్యి వదిలించుకోలేదు.

"కుదిరిందండీ," అంది. "ఒకళ్ళ పాపాలు ఇంకొకళ్ళు తమ మీద వేసుకోవడం ఎక్కడా ఉండదని ఇన్నాళ్ళూ దీంతో పోట్లాడాను గానీ, ఇందాక ఇది వేసుకున్నవి మూడూ నావే."