ఇద్దరు వెళ్ళాల్సిన గది

"నువ్వెళ్ళు వదినా. నేనూ పక్కనే ఉన్నాననుకో," అంది మిషనక్క, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

గరిటమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మిల్లు మేనేజరు పదకొండింటికి రమ్మన్నాడని ఆ పొద్దున కబురు తెచ్చింది మిషనక్కే. ఆలస్యమైతే వాళ్ళు వంట చేసుకునే షెడ్డుకి తాళం పడుతుందని చెప్పిందీ తనే. ఇంట్లో బట్టలు కుట్టి నలుగురిని సాకుతున్న మనిషి, తీరా బయల్దేరే వేళకి జ్వరమంటూ మంచమెక్కింది. గరిటమ్మ వంగి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. చెమట పట్టి జ్వరం దిగుతోంది కాబోలు అనుకుని, తన ఇంటి నుంచి ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది.

మిల్లు మూతపడి ఐదు నెలలు. మొదటి నెల ఎవరి గంజి వాళ్ళు కాచుకున్నారు. రెండో నెలలో కొన్ని ఇళ్ళలో కాచుకోవడానికి గంజి కూడా లేకుండా పోయింది. అప్పుడు గరిటమ్మ మిల్లు వెనక ఖాళీ షెడ్డులో పొయ్యి రాజేసింది. ముందు రెండిళ్ళ వాళ్ళు చేరారు, తర్వాత వాడంతా కదిలింది, ఒక పొయ్యి నాలుగయింది. పొద్దున్నే ఆడవాళ్ళు గుంపుగా మార్కెట్టుకి వెళ్ళి, అమ్ముడుపోని కూరలు అడిగి ఏరి తెస్తారు. మధ్యాహ్నానికి నూట నలభై మంది తింటారు. ఆ షెడ్డు పోతే వాళ్ళకి రోజు మొత్తం మీద ఉన్న ఆ ఒక్క పూటా పోతుంది.

కాగితం మీద రాసుకున్న నియమాలేవీ లేవు వాళ్ళకి. నోటి మాటగా ఒక్కటుంది. మేనేజరు గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు. ఇద్దరు వెళ్ళాలి, ఇద్దరూ ఒకే మాట తేవాలి. మగవాళ్ళ సంఘం ఎలా చచ్చిందో అందరూ కళ్ళారా చూశారు. నాయకులు ఒక్కొక్కరే ఆ గదిలోకి వెళ్ళారు, ఒక్కొక్కరూ ఒక్కో కథ పట్టుకొచ్చారు. వారం తిరిగేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. మనమూ అదే చేస్తే ఇక మీసాలు పెంచుకోవడమే తరువాయి అని గరిటమ్మ అంటే, అందరూ నవ్వి నియమానికి ఒప్పుకున్నారు. ఆమెకి జంట ఎప్పుడూ మిషనక్కే.

ఇప్పుడు పిలుద్దామంటే వాడలో ఇంకెవరూ లేరు. అందరూ మార్కెట్టులో ఉన్నారు.

"వాళ్ళొచ్చేదాకా ఆగితే తాళం చూస్తూ కూర్చోవాలి," అని గొణిగింది మిషనక్క. "నియమం కడుపు నింపుతుందా వదినా?"

గరిటమ్మ చెప్పులు తొడుక్కుంది.

మేనేజరు మర్యాదగా కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. షెడ్డు ఊసెత్తబోయినప్పుడల్లా చెయ్యెత్తి ఆపి ఫోన్లు మాట్లాడుకున్నాడు. మధ్యలో మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఏ నూనె రాస్తోందో అడిగాడు. గంట గడిచాక లేచి, వంట మానకండి, మిగతాది తర్వాత చూద్దామన్నాడు. గేటు దాకా వచ్చి మరీ సాగనంపాడు. అప్పటికే మార్కెట్టు నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళు గేటు బయట బస్తాలు దించుకుని చూస్తున్నారు.

ఏమన్నాడని అడిగారు. ఏమీ అనలేదంది. గంటసేపు ఊరికే కూర్చోబెట్టాడా అన్నారు. మోకాళ్ళ సంగతి అడిగాడంది. తన నోటితో తను చెబుతుంటేనే అది అబద్ధంలా వినబడింది గరిటమ్మకి.

"మా ఆయన పాతికేళ్ళలో ఒక్కసారీ నా మోకాళ్ళ సంగతి అడగలేదు," అంది ఒకామె. "అసలు నీ నొప్పి గురించి మేనేజరుకెలా తెలుసు పెద్దమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అది సరదా నవ్వు కాదు.

అంతలో మిషనక్క రెండు దుప్పట్లూ కప్పుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది. గరిటమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"నువ్వే చెప్పవే. వెళ్ళమన్నావు కదా."

"జ్వరంలో ఏమన్నానో నాకే తెలీదు వదినా," అంది మిషనక్క నీరసంగా. తర్వాత అందరివైపూ తిరిగింది. "మా వదిన అమ్ముడుపోయే మనిషి కాదు. ఎవరన్నా నేనొప్పుకోను. కానీ నియమం పెట్టింది తనే. రేపు ఇంకొకరు ఒంటరిగా వెళ్తే ఏ మొహం పెట్టుకుని ఆపుతాం?"

అమ్ముడుపోవడమన్న మాట అంతవరకూ ఎవరి నోటా రాలేదు.

గరిటమ్మ ఆ రోజు నుంచి షెడ్డుకి వెళ్ళలేదు. రమ్మని పిలిచినవాళ్ళూ లేరు. సగం మంది ఆమె తప్పేం లేదన్నారు, సగం మంది నిప్పు లేందే పొగ రాదన్నారు. ఆ రెండు సగాలూ ఒక పొయ్యి దగ్గర కూర్చోలేకపోయాయి. నాలుగు పొయ్యిలు రెండయ్యాయి, రెండు ఒకటయింది. పన్నెండో రోజున మేనేజరు మనుషులు తాళం తెచ్చేసరికి షెడ్డులో ఐదుగురున్నారు. అడ్డం పడడానికి ఐదుగురు చాలరు.

మర్నాడు వీధి కుళాయి దగ్గర మిల్లు కాపలా ముసలాయన కనబడ్డాడు. ఆయనా షెడ్డులో తిన్నవాడే. తల దించుకుని, తాళం వేసిన చెయ్యి తనదేనని, నౌకరీ అలాంటిదని చెప్పుకున్నాడు.

"నీ తప్పేముంది బాబాయ్. తప్పు నాది," అంది గరిటమ్మ. "ఆ రోజు దాన్ని భుజాన మోసుకునైనా తీసుకెళ్ళాల్సింది. ఇద్దరం వెళ్ళుంటే ఇంత జరిగేది కాదు."

"మోసుకొచ్చినా గేటు దగ్గర ఆపేవాణ్ణమ్మా. మిమ్మల్ని ఒక్కరినే పంపమని అయ్యగారు ముందురోజు సాయంత్రమే చెప్పారు."

బిందె నిండి పొర్లుతోంది. మరి రెండో ఆవిడ సంగతేమిటని నువ్వు అడగలేదా అంది గరిటమ్మ.

"అడిగానమ్మా. ఆవిడకి రేపు జ్వరం వస్తుందన్నారు."