చేతులెత్తేసే మలుపు

షోరూమ్ వెనక మలుపులో పెద్దాయన ఆ రోజూ కనిపించాడు.

పక్కన పాత సంచి పెట్టుకుని, రోడ్డు అంచున రాయి మీద కూర్చుని వచ్చేపోయే కార్లను చూస్తున్నాడు. నెల రోజులుగా ఇదే వరస.

“ఈయన వాలకం నాకు నచ్చడం లేదు,” అన్నాడు సేల్స్‌మన్, అద్దంలోంచి చూస్తూ.

“నీకెవరి వాలకం నచ్చింది గనక అన్నా?” అని నవ్వింది రిసెప్షన్ అమ్మాయి.

నచ్చకపోవడానికి కారణం ఉంది. రోడ్డు మీది గీతల మధ్య తనంతట తాను నడిచే కార్లకి ఏడాదిలో గిరాకీ రెట్టింపయింది. ఎదురు వీధిలో ఇంకో కంపెనీ వాళ్లూ షోరూమ్ తెరిచారు. వాళ్ల డెమో కార్లు వాళ్ల రోడ్డు మీద వంకర్లు పోతున్నాయని ఊరంతా అనుకుంటోంది. ఈ సేల్స్‌మన్ చూపించే కారు మాత్రం గీత దాటదు.

మలుపు రాగానే ఇతను స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ పైకెత్తేవాడు. కారు దానంతటదే తిరిగేది. పక్కన కూర్చున్నవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు.

“చేతులు తియ్యొద్దని కారుతో ఇచ్చే పుస్తకంలో రాసుందిగా?” అని ఎవరైనా అడిగితే, “కంపెనీ వాళ్లు భయానికి అలాగే రాసుకుంటారండీ,” అనేవాడు.

షోరూమ్‌లో అతనికి ‘చేతులెత్తేసే అన్న’ అని పేరు పడిపోయింది. ఈ మూడు నెలలూ ఇలాగే అమ్మితే మేనేజర్ కుర్చీ అతనిదేనని పై ఆఫీసు మాట ఇచ్చింది.

సరిగ్గా అప్పుడే ఈ పెద్దాయన దాపురించాడు.

ఆగలేక వెళ్లి అడిగాడు.

“రోజూ ఇక్కడేం పని పెద్దాయనా?”

“చూస్తున్నాను బాబూ.”

“ఏం చూస్తున్నారు?”

“మీ కారు దేన్ని చూసి తిరుగుతుందో, దాన్ని.”

సేల్స్‌మన్ ఎదురు వీధి వైపు ఓసారి చూశాడు.

“ఎదురు షోరూమ్ వాళ్లు పంపారా?”

“నన్నెవరూ పంపలేదు.”

“పంపినవాళ్ల పేరు ఎవరు చెబుతార్లెండి.”

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం అతనికి ఆ వారమంతా అన్నం సహించనివ్వలేదు. ఆదివారం తెల్లవారగానే వచ్చి మలుపులో మాటు వేశాడు.

పెద్దాయన రోడ్డు మీద గొంతుక్కూర్చుని, ఇనప తీగల బ్రష్షుతో తెల్ల గీతను బరబరా గీకుతున్నాడు.

ఆ గీతే కారుకి కన్ను. గీత పోతే కారు గుడ్డిది. సేల్స్‌మన్‌కి అంతా అర్థమైపోయింది. వీడియో తీసి పోలీసులకి ఫోన్ చేశాడు.

“గీత ఎవరు చెరపమన్నారయ్యా నిన్ను?”

పెద్దాయన మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

“మురికి గీకకపోతే నిలవదు బాబూ.”

ఏది నిలవదో అడగాలని అతనికి తోచలేదు.

జీపు వచ్చింది. ఎక్కబోతూ పెద్దాయన వెనక్కి తిరిగాడు.

“వానలొస్తున్నాయి. ఈ మలుపులో మాత్రం చేతులెత్తకండి.”

“విన్నారుగా, మీ ముందే బెదిరిస్తున్నాడు,” అన్నాడు సేల్స్‌మన్. కానిస్టేబుల్ ఆ మాట కూడా రాసుకున్నాడు.

రెండు నెలలు వానలు దంచికొట్టాయి.

తెరిపిచ్చిన రోజు ఒక డాక్టరమ్మ, వాళ్ల అమ్మ డెమోకి వచ్చారు. మలుపు రాగానే అతను అలవాటుగా చేతులెత్తాడు.

కారు తిరగలేదు. తిన్నగా ఎదుటి వరసలోకి వెళ్లిపోయింది. బస్సు హారన్ విని అతను స్టీరింగ్ లాగేసరికి పక్క అద్దం ఎగిరిపోయింది. వెనక సీట్లో పెద్దావిడ తలుపు పట్టుకుని దిగిపోతానంటోంది.

“ఆపండి. మేం నడిచి వెళ్తాం,” అంది డాక్టరమ్మ.

సాయంత్రానికల్లా మేనేజర్ కుర్చీ ఇంకొకరిదైంది.

కారు దిగినప్పుడే చూశాడు, మలుపులో గీత ఆనవాలు కూడా లేదు. మర్నాడు కోపంగా రోడ్ల ఆఫీసుకి వెళ్లాడు.

“ఆ రోడ్డుకి గీతలు వేసి ఎన్నాళ్లయిందండీ?”

గుమాస్తా ఫైలు తిప్పాడు. “అయిదేళ్లు.”

“మొన్న మొన్నటిదాకా తళతళలాడుతూ ఉన్నాయిగా?”

“అవి మేం వేసినవి కావు. మా దగ్గర రిటైరైన పెయింటరు ఒకాయన, పెన్షన్‌లోంచి రంగు కొనుక్కుని వేసేవాడు. ఎవరో కేసు పెట్టారట. మానేశాడు.”

సేల్స్‌మన్‌కి ఆ పెయింటరు ఎవరో తెలిసిపోయింది. అడ్రసు తీసుకుని బయల్దేరాడు. సిగ్గుగానే ఉంది, అయినా దారిలో అనుమానం మాత్రం వదల్లేదు. లాభం లేనిదే ఎవరైనా ఊరి రోడ్డుకి రంగు వేస్తారా?

తలుపు కొడితే ఒకమ్మాయి చక్రాల కుర్చీలో కూర్చుని, చక్రాలు తోసుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

“నాన్న పడుకున్నారండీ. రోడ్డు మీద అనుమతి లేకుండా రంగు వెయ్యడం కూడా తప్పేనని, స్టేషన్లో రెండు రోజులు గచ్చు మీద కూర్చోబెట్టారు. మోకాళ్లు పట్టేశాయి. ఇక వంగి పనిచెయ్యలేరన్నాడు డాక్టరు.”

అతను తల దించుకున్నాడు.

“నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా.”

“చెప్పారటగా, చేతులెత్తొద్దని.”

లోపలి గదిలోంచి పెద్దాయన దగ్గు వినిపించింది.

“ఊళ్లో ఇన్ని రోడ్లున్నాయి. ఆ ఒక్క మలుపుకే ఎందుకు వేశారు?”

ఆ అమ్మాయి అతని మొహంలోకి చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

“మీరు నన్ను మరిచిపోయినట్టున్నారు. పోయినేడు మీ దగ్గరే కారు కొన్నాను. వారం తిరక్కుండా, ఆ వారం వానలకి గీత చెరిగిపోయిన ఆ మలుపులో, మీరు చూపించినట్టే నేనూ చేతులెత్తాను.”