కూలెంటు కబుర్లు

“ఈసారి కూడా కంపు కొట్టిందో, మీ మిషను తూకానికి పోతుంది,” అంది భార్య. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని షెడ్డు గుమ్మానికి అవతలే నిలబడింది.

ఓడ ఇంజనీరైన మొగుడు మిషను తుడుస్తూ తల గోక్కున్నాడు. పోయినసారి జరిగింది అతనికీ గుర్తుంది. నాలుగు నెలలు సముద్రం మీద గడిపి వచ్చేసరికి, సరదాకి కొనుక్కున్న మిల్లింగ్ మిషను కింద ట్యాంకులో కూలెంటు కుళ్లిపోయింది. ఆ వాసన వంటింటిదాకా పాకి, చూడవచ్చిన చుట్టాలు కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా ధారగా పడే పాలలాంటి ద్రవం అది. రోజూ తిరుగుతుంటే నెలలు నిలుస్తుంది. కదలకపోతే మురిగిపోతుంది.

“పారబోసి వెళ్లొచ్చుగా?”

“మొన్ననేగా కొత్తది కలిపాను! ట్యాంకు ఎండితే పంపు పట్టేస్తుంది కూడా. రోజు విడిచి రోజు కాసేపు తిప్పితే చాలు. నువ్వు కాస్త...”

“నేను ఇందులో అడుగు పెట్టను. ఆ కంపుకి జంకకుండా ఇక్కడ కూర్చోగలిగేది మా అమ్మ ఒక్కతే. వెళ్లి ఆవిణ్ణి అడగండి.”

అక్కడే వచ్చింది చిక్కు. అత్తగారి ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ పెళ్లయి మూడేళ్లయినా “బాగున్నారా అత్తయ్యగారూ”, “బాగున్నాం బాబూ” దాటి మాట ముందుకు పోలేదు. ఆవిడ ఎదురైతే ఇతను ఫోనులో తల దూర్చేవాడు. ఇతను ఎదురైతే ఆవిడకు పొయ్యి మీద ఏదో గుర్తొచ్చేది.

ప్రయాణం రెండు రోజుల్లోకి వచ్చాక ధైర్యం చేసి అడిగాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చి షెడ్డులో స్టూలు మీద కూర్చుంది.

“ఇది పంపు స్విచ్చి. పది నిమిషాలు తిప్పండి. పైన నూనె తెట్టు కడితే ఈ గరిటెతో తీసేయండి. తెట్టు మూతలా పట్టిందంటే గాలాడక కుళ్లు మొదలవుతుంది. నీళ్లు ఈ గీతకి దిగితే మంచినీళ్లు పోయండి.”

ఆవిడ తల ఊపింది.

“అన్నిటికంటే ముఖ్యం వాసన. సబ్బు వాసనలా ఉంటే క్షేమం. పుల్లగా అనిపిస్తే ఈ సీసాలో మందు ఒక్క మూత. మందు ఎక్కువైతే చేతులకు దురదలు పుడతాయి. ఆ తేడా కనిపెట్టే మీటరు నా దగ్గర లేదు, అత్తయ్యగారూ. మీ ముక్కే నాకు మీటరు.”

ఆవిడ ఏదో అనబోయి అతని మొహంలోకి చూసింది. మూడేళ్లలో అల్లుడు ఆవిడను అడిగిన మొదటి సాయం అది.

“అలాగే బాబూ,” అంది.

ఓడ ఎక్కాక రెండు రోజులకోసారి ఫోను చేశాడు.

“వాసన ఎలా ఉందండీ?”

“ఉతికిన బట్టల్లా ఉంది.”

“భేష్! తెట్టు?”

“గరిటెడు తీశాను. బాబూ, అక్కడ అలలు బాగా ఉన్నాయా? తిండి సరిగా తింటున్నావా?”

మొదట రెండు నిమిషాలు సాగిన మాటలు, నెల తిరిగేసరికి అరగంటకు చేరాయి. కూలెంటు సంగతి రెండు ముక్కల్లో అయిపోయేది. మిగతాదంతా ఓడ వంటవాడి పిసినారితనం, కూతురు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అటక మీద దాక్కున్న వైనం.

“మా అమ్మతో మాట్లాడినంతసేపు నాతో మాట్లాడరు,” అని భార్య దెప్పింది.

“మిషను విషయాలు,” అన్నాడతను గంభీరంగా.

మూడో నెలలో ఎండలు ముదిరాయి. ఒకనాడు ఆవిడ గొంతు తేడాగా వినిపించింది.

“బాబూ, తెట్టు మందంగా కట్టింది. అక్కడక్కడ నురగ కూడా.”

“అయ్యో! వాసన?”

అవతల గరిటె ట్యాంకు అంచుకి తగిలిన చప్పుడైంది.

“పుల్లగా... ఉన్నట్టే ఉంది.”

“ఒక్క మూత మందు వేయండి. ఒక్కటే!”

“వేస్తాను. ఇంకోటి అడుగుతాను, నవ్వకూడదు. చేపల తొట్టిలో బుడగలు వదిలే చిన్న మోటారు ఉంటుందే, అది ఇందులో పెడితే గాలాడుతుంది కదా? పక్కింటివాళ్ల దగ్గర పాతది ఉంది.”

అతను నిజంగానే నవ్వాడు, ఆనందంతో. “అత్తయ్యగారూ, పెద్ద వర్క్‌షాపుల్లో చేసే పనండీ అది! మీకెలా తట్టింది?”

“తట్టింది, అంతే. పంపు కూడా ఇప్పుడు పొద్దునా సాయంత్రం తిప్పుతున్నాను. నాకెందుకో భయం.”

నాలుగు రోజులకు పులుపు పోయిందని కబురు వచ్చింది.

ఓడ దిగి ఇంటికొచ్చిన రోజు అతను కాళ్లు కూడా కడుక్కోకుండా షెడ్డుకి పరిగెత్తాడు. అత్తగారు అప్పటికే అక్కడ గరిటె కడుగుతోంది. ట్యాంకు మూత తీశాడు. తెల్లగా, పలచగా, బుడగలతో కళకళలాడుతోంది కూలెంటు. గుమ్మం అవతల ముక్కు మూసుకున్న భార్య ఒక్కో వేలూ వదిలింది. గట్టిగా గాలి పీల్చింది. మూడేళ్లలో మొదటిసారి షెడ్డులోకి అడుగు పెట్టింది.

“మిషను బతికిపోయింది!” అన్నాడతను. “అంతా మీ అమ్మగారి ముక్కు చలవ.”

“ముక్కా?” అంది భార్య.

“అవును మరి! అంత దూరం నుంచి నేనేం చేయగలను? పులుపు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు పోయిందో, ఏ పూట ఎలా ఉందో, అన్నీ ముక్కుతో పసిగట్టి చెప్పారు. ఆవిడ చెప్పినట్టే మందు వేయించాను.”

అత్తగారికి ఉన్నట్టుండి పొయ్యి మీద ఏదో గుర్తొచ్చినట్టుంది. గరిటె పట్టుకుని గబగబా బయటికి నడిచింది. భార్య ఒకసారి తల్లి వీపు వంక, ఒకసారి మొగుడి వంక చూసి, మిషను పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“మా అమ్మకి వాసన తెలియక పదేళ్లయిందండీ!”