ఎడమచేతి కుంచె

"మేడమ్, బొమ్మలో ఆవిడ కుంచె పట్టుకున్నది కుడిచేత్తో," అంది విద్యార్థిని తల వంచుకుని.

మేడమ్ చేతిలో కలం ఆగిపోయింది. పొద్దుట్నుంచి పది థీసిస్‌లు చదివి సంతకాలు పెట్టేసరికే ఆవిడకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నాలుగింటికల్లా అన్నీ ఆఫీసుకి చేరాలి. పదకొండోది ఈ అమ్మాయిది. ఎడమ బుగ్గ మీద మిరియం గింజంత పుట్టుమచ్చ, మొహం నిండా నిద్రలేమి. మూడేళ్ళుగా ముందు బెంచీ వదలని పిల్ల. ఇంకెవరైనా ఈ మాట అంటే బయటికి పంపేసేదే.

ఎందుకంటే మేడమ్ బతుకంతా ఆ చేతి మీదే నిలబడి ఉంది. రెండొందల ఏళ్ళ కిందటి బొమ్మ అది. కుంచె పట్టుకుని కూర్చున్న ఒక ఇల్లాలు. సంతకం లేదు. ఆవిడ మొగుడు పేరున్న చిత్రకారుడు కాబట్టి అదీ ఆయనే వేశాడని అందరూ అనుకున్నారు. మేడమ్ ఒక్కతే కాదంది. బొమ్మలో కుంచె ఎడమచేతిలో ఉంది. అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తాను వేసుకుంటేనే కుడిచెయ్యి ఎడమచెయ్యిగా వస్తుంది. కాబట్టి ఆ బొమ్మ వేసింది మొగుడు కాదు, ఆ ఇల్లాలే. ఇదే మాట మీద ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పింది, పుస్తకం రాసింది. మ్యూజియం వాళ్ళు బొమ్మ వైపు తలెత్తి చూశారో లేదో గానీ, పుస్తకం చూసి బొమ్మ కింద పలక మార్చేశారు. మొగుడి పేరు పోయి భార్య పేరు వచ్చింది. పిల్లలు వెనకాల ఆవిణ్ణి 'ఎడమచేతి మేడమ్' అంటారని ఆవిడకీ తెలుసు. అందులో కాస్త గర్వం కూడా ఉండేది.

"నీ కళ్ళతో చూశావా?"

"వెళ్ళాను మేడమ్. మూసే వేళయింది, ఎక్కువసేపు నిలబడనివ్వలేదు. కిందా మీదా పడి ఒక ఫోటో తీసుకున్నా. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే తెలిసింది. నలభయ్యో పేజీలో అంటించాను."

మేడమ్ పేజీ తిప్పింది. అదే ఇల్లాలు, అదే కిటికీ. కానీ కుంచె కుడిచేతిలో ఉంది.

బీరువా తీసి, ప్రొజెక్టర్‌లో పెట్టి తెర మీద చూపించే పాత ఫిల్మ్ స్లయిడు బయటికి తీసింది. మేడమ్‌కి ఆ బొమ్మతో ఉన్న పరిచయమంతా ఈ స్లయిడుతోనే. చూడ్డానికి రెండుసార్లు బయల్దేరింది. ఒకసారి సెలవు దొరకలేదు, ఇంకోసారి మ్యూజియానికి మరమ్మతులు. ఆ తర్వాత ఓపిక లేకపోయింది. ఏ పక్క ముందుకి పెట్టాలో తెలియడానికి స్లయిడు మూలన ఎర్రచుక్క ఉండాలి. అది ఎప్పుడో రాలిపోయింది. క్లాసులో స్లయిడు తిరగేసి పెట్టడం, కుడి ఎడమ కావడం, పిల్లలు నవ్వడం ఎన్నిసార్లు జరగలేదు? ఇన్నేళ్ళూ ఇదొక్కటీ తిరగేసి పెట్టుకుని, దాని మీద ఇంత మేడ కట్టానా అనుకుంది. కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త బలం కావాలి కదా.

విద్యార్థిని మెల్లగా, కావాలంటే ఆ పేజీ చింపేస్తానంది. డిగ్రీ వస్తే చాలు, మేడమ్ పరువు తియ్యడం తనకి ఇష్టం లేదంది.

"చింపితే నీకు నేను నేర్పింది ఏముంది?" అంది మేడమ్.

థీసిస్ మీద సంతకం పెట్టింది. కంప్యూటర్ దగ్గరికి జరిగి, రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం పొడుస్తూ మ్యూజియానికి ఉత్తరం రాసింది. తన సిద్ధాంతం తప్పని, పలక మీద భార్య పేరు తీసేసి భర్త పేరే పెట్టమని రాసింది. అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ ఆవిడది మొదట్నుంచీ అదో రకం నిక్కచ్చితనం. ఈ బొమ్మ గురించి ఇకముందు తాను ఏం చెప్పినా, ఎంత గట్టిగా చెప్పినా లెక్కలోకి తీసుకోవద్దని కూడా రాసి పంపేసింది.

ఏనాడూ నెల తిరక్కుండా జవాబివ్వని మ్యూజియం ఆ రోజు పావుగంటలో ఇచ్చింది. పలక విప్పించేశామని, చివరి వాక్యం కూడా ఫైల్లో పెట్టుకున్నామని రాశారు.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. భుజాల మీద బరువు దిగినట్టూ ఉంది, లోపల ఏదో తెగినట్టూ ఉంది. రెండొందల ఏళ్ళకి ఒక ఆడమనిషికి పేరొచ్చింది, ఆ పేరు తన చేత్తోనే తుడిచేసింది. నిజం కోసమే కదా అని తనకి తనే చెప్పుకుంది.

విద్యార్థిని కళ్ళు తుడుచుకుని సంచీలోంచి ఒక కవరు తీసింది.

"ఇది మీ దగ్గర ఉంచండి మేడమ్. పూర్తి ఫోటో. థీసిస్‌లో నన్ను కత్తిరించేసి బొమ్మ వరకే అంటించాను."

"నువ్వెందుకున్నావు ఇందులో?"

"అక్కడ బొమ్మల్ని ఫోటో తియ్యకూడదట. 'కావాలంటే బొమ్మ ముందు నిలబడి మీ సెల్ఫీ మీరు తీసుకోండి' అన్నాడు కాపలా ఆయన."

మేడమ్ కళ్ళజోడు సవరించుకుని ఫోటో చూసింది. తలెత్తి ఎదురుగా ఉన్న అమ్మాయిని చూసింది. మళ్ళీ ఫోటో చూసింది.

ఫోటోలో అమ్మాయి నవ్వుతోంది. పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద ఉంది.