పచ్చి రిపోర్టు

"వచ్చే ఏడు ఆ ఎర్రదే వేద్దామమ్మాయ్!" చెంచయ్య ల్యాప్‌టాప్ తెర మీద వేలు పెట్టాడు.

శ్రీరమ్య గబుక్కున తల అడ్డంగా ఊపింది. నెల రోజులు ఊళ్లో మిరపచేలన్నీ తిరిగి, కోడ్ రాసి, ఆ విత్తనాల చార్టు గీసింది తనే.

"అది తెగులు పట్టిన రకం పెదనాన్నా! ఎరుపంటే ప్రమాదం. బాగా కాసిన రకానికి పచ్చరంగు వేశాను."

"మిరపకాయ ఎర్రగా ఉంటే పండినట్టు, పచ్చగా ఉంటే పచ్చిదన్నట్టు. నీ రిపోర్టింకా కోతకు రాలేదే తల్లీ!"

బదులు చెప్పబోయిన శ్రీరమ్య, ఎదురుగా కల్లంలో ఎర్రగా ఎండుతున్న కాయల్ని చూసి ఆగిపోయింది. కోడ్‌లో రెండు రంగుల పేర్లూ తారుమారు చేసి, ల్యాప్‌టాప్ మళ్లీ ఆయనవైపు తిప్పింది.

మంచి రకం ఎర్రగా మెరిసింది.

చెంచయ్య కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఓర్నీ, నిమిషంలో పండిందే! ఏం మందు కొట్టావమ్మాయ్?"