దారి కొంగలది

మడ అడవి మీదుగా వేసిన చెక్క దారిలో నూకాలమ్మ రెండు గేట్ల మధ్య ఇరుక్కుపోయింది. ఇప్పుడు ఏ అడవి నడకదారికైనా ఇవే గేట్లు. దారి మీద పక్షి గానీ పీత గానీ కనబడితే వాటంతటవే మూసుకుంటాయి. ఆ జీవి తనంతట తాను వెళ్ళాకే తెరుచుకుంటాయి. అదిలించడానికి వీల్లేదు.

ఎదురుగా ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కదిలితే ఒట్టు. దారి చివర రేవు పల్లెలో కూతురికి నొప్పులు మొదలయ్యాయి. బాలింతకు పాలు పడాలని తెస్తున్న ఎండు సొరచేప ముక్కలు బుట్టలో ఉన్నాయి.

బుట్ట దించితే మొదటి ముక్క కొంగకు వెయ్యడం జాలరి ఇళ్ళలో ఆనవాయితీ. బుట్ట దించి, అలవాటు కొద్దీ ఓ ముక్క విసిరేసి, ఆనక నాలుక్కరుచుకుంది. కాసేపటికి దారంతా కొంగలే.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావత్తా?" అన్నాడు అల్లుడు.

"కొంగల కాడ ఇరుక్కుపోయాను బాబూ. పిల్లకెలాగుంది?"

"ఆడపిల్లత్తా! ఇదిగో, ఇనుకో."

ఫోన్లో పసిబిడ్డ కేరుమంది. ఆ కేకకి కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నూకాలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

గేటు తెరుచుకోలేదు. "మీ శబ్దానికి పక్షులు బెదిరాయి. అవి తిరిగొచ్చి కుదుటపడే వరకు దయచేసి ఆగండి," అంది తియ్యగా.

బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. ఫోన్ కట్టేయడానికి నూకాలమ్మకు చెయ్యి రాలేదు. నోటికి దగ్గరగా పెట్టుకుని, మనవరాలితో మొట్టమొదటి మాట గుసగుసగా అంది.

"గట్టిగా ఏడవకమ్మా... కొంగలు వింటాయి."