పడవల వరుస

ఇప్పుడు పదో తరగతికి లెక్కల పుస్తకం లేదు. ఊరికి ఏ కష్టం వస్తే అదే పాఠం. పిల్లలు తేల్చిన జవాబే అమలవుతుంది. గోదావరి పొంగిన ఉదయం లహరి తరగతికి వచ్చిన లెక్క ఒకటే: మనుషుల్లేకుండా నడిచే పడవలు ముందు ఏ లంకకు వెళ్లాలి, చివర ఏ లంకకు?

నీటి వేగం, ఇళ్ల ఎత్తు, మనుషుల పరిస్థితి అన్నీ వేసి చూస్తే, మేనత్త మంగతాయారు ఉండే లంక చివరికి వచ్చింది. లహరి మళ్లీ చేసింది. జవాబు మారలేదు.

అది చూసి సత్యవాణి టీచర్ మెల్లగా అడిగింది. "మీ అత్త అక్కడే కదమ్మా. లెక్క వేరే వాళ్లకి ఇచ్చెయ్యనా?"

"వద్దండీ. ఎవరు చేసినా ఇదే వత్తాదండి" అని లహరి జవాబు పంపింది.

సాయంత్రానికి పడవ అత్తను బడికి చేర్చింది. ఆమె గేదెలు మాత్రం కొట్టుకుపోయాయి. లహరి పొడిచీర ఇవ్వబోతే అందుకోకుండా, "మమ్మల్ని ఆఖర్న పెట్టిందెవరే?" అంది.

"నేనే అత్తా."

అత్త తడికొంగు పిండుకుంటూ అడిగింది. "ముందు ఎవర్ని తెచ్చారు?"

"పక్క లంకలో పురిటినొప్పులు పడతన్న ఆవిణ్ణి. ఇక్కడికొచ్చాకే ఆడపిల్ల పుట్టింది."

"నువ్వు చూశావా?"

"లేదత్తా. నువ్వొచ్చేదాకా కాళ్లు కదల్లేదు."

మంగతాయారు పొడిచీర అందుకుంది, కానీ కట్టుకోలేదు. "బిడ్డకి కప్పడానికి పనికొత్తాది. పద" అని, తడిబట్టలతోనే ముందు నడిచింది.